మా చిట్టి రక్తవ్యాధికి ఏడు నెలల వైద్యం: ఈ పెట్ క్లినిక్ సేవపై మా అభిప్రాయం

మా చిట్టి ఆరేళ్ల ఆడ కాకర్ స్పానియల్, బరువు 12 కిలోలు. గత ఏడాది మార్చిలో దాని ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ దాని ఎర్ర రక్తకణాలనే పరాయివిగా భావించి నాశనం చేయడం మొదలుపెట్టింది. పశువైద్యులు ఐఎంహెచ్‌ఏ అని పిలిచే ఈ జబ్బుకు ఏడు నెలల పాటు ఈ క్లినిక్‌లోనే వైద్యం చేయించాం. చేతిలో రిపోర్టు పట్టుకుని, ఎక్కడికి పరుగెత్తాలో తెలియక రాత్రంతా ఫోనులో వెతుక్కునేవారికి రెండు వాక్యాల పొగడ్త ఏమాత్రం ఉపయోగపడదని మాకు అప్పుడే తెలిసింది కాబట్టి, బాగున్నదీ బాగాలేనిదీ వివరంగా రాస్తున్నాను.

ముందు జరిగింది కొంచెం చెప్పాలి. మొదటి రెండు రోజులు చిట్టి తిండి మీద ధ్యాస లేకుండా చల్లటి నేల మీద పడుకునే ఉంది. మా వీధిలోని మరో వైద్యుడి దగ్గరకు తీసుకెళ్తే, ఎండలు ముదిరే కాలం కాబట్టి టిక్ ఫీవర్ అయి ఉంటుందని రక్తపరీక్ష లేకుండానే జ్వరానికి ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. ఆయన అనుమానం తప్పని అనను, ఎందుకంటే మన ప్రాంతంలో గోమార్ల వల్ల వచ్చే బబీసియా, ఎర్లీకియా జబ్బులు సాధారణమే, వాటిలోనూ రక్తం తగ్గిపోతుంది. కానీ ఒక చుక్క రక్తం గాజుపలక మీద వేసి చూసి ఉంటే మాకు రెండు రోజులు మిగిలేవి. మూడో రోజు ఉదయం బాల్కనీలో చిట్టి పోసిన మూత్రం చిక్కటి టీ డికాక్షన్ రంగులో ఉంది. కనుగుడ్ల తెల్లభాగం పసుపు తిరిగింది. అప్పుడు ఈ క్లినిక్‌కి వచ్చాం.

ఇక్కడి డాక్టరు గారు చేసిన మొదటి పని చిట్టి పైపెదవి ఎత్తి చిగుళ్ళను మాకు చూపించడం. ఎప్పుడూ గులాబీ రంగులో ఉండే చిగుళ్ళు సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉన్నాయి. వెంటనే రక్తం తీసి పీసీవీ చూశారు. రక్తంలో ఎర్ర కణాల వాటా ఎంతో చెప్పే ఈ కొలత ఆరోగ్యంగా ఉన్న కుక్కలో సుమారు 37 నుంచి 55 శాతం దాకా ఉంటుంది, చిట్టికి 14 మాత్రమే ఉంది. ఆ తర్వాత ఆమె చేసిన పని నేను మరిచిపోలేను. గాజుపలక మీద ఒక చుక్క రక్తం, దాని పక్కన సెలైన్ చుక్కలు వేసి, రెండూ కలిపి పలకను మెల్లగా అటూ ఇటూ వంచారు. పలచబడి జారిపోవాల్సిన రక్తం సన్నటి ఎర్ర రవ్వలా విడిపోయి గుంపులు కట్టింది. "చూడండమ్మా, కణాలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి, దాని శరీరమే దాని మీద దాడి చేస్తోంది" అన్నారు. సూక్ష్మదర్శినిలో కూడా మమ్మల్ని చూడనిచ్చి, మధ్యలో పాలిపోయిన భాగం లేకుండా చిన్న బంతుల్లా మారిన కణాలను గుర్తుపట్టడం నేర్పారు. వైద్యం చదవని మాకు అంత ఓపికగా చూపించాల్సిన అవసరం ఆమెకు లేదు, కానీ ఆ పది నిమిషాల వల్లనే ఆ తర్వాత ఏడు నెలలు ఆమె చెప్పిన ప్రతి మాత్రనూ ఎందుకు వేస్తున్నామో తెలిసి వేశాం.

జబ్బు పేరు తేలగానే వైద్యం మొదలుపెట్టి ఊరుకోలేదు. దాని వెనుక మరో కారణం దాగి ఉందేమోనని గోమార్ల జబ్బులకు పీసీఆర్ పరీక్షకు రక్తం పంపారు, కడుపు స్కాన్ తీశారు, అంతకు ముందు నెలల్లో ఏ మందులు వాడామో ఒక్కొక్కటిగా అడిగి రాసుకున్నారు. పీసీఆర్ ఫలితం వచ్చేదాకా ఆగకుండా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కూడా మొదలుపెట్టారు. మూడు రోజుల తర్వాత బబీసియా, ఎర్లీకియా రెండూ లేవని తేలింది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ ఇంటర్నల్ మెడిసిన్ 2019లో ఈ జబ్బు మీద ప్రచురించిన మార్గదర్శకాలను అనుసరిస్తున్నామని డాక్టరు గారు చెప్పి, వాటిలోని ముఖ్య విషయాలను తెలుగులో వివరించారు.

ఇంట్లో ఏం పెడతారని అడిగినప్పుడు మాత్రం మేం తలదించుకోవాల్సి వచ్చింది. మా అత్తయ్య ప్రేమతో రోజూ సాంబారన్నం కలిపి పెట్టేవారు. ఉల్లిపాయ, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినవైనా కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయని, పప్పు, కూర, సాంబారు, చివరికి కూర రసంతో కలిపిన అన్నం కూడా పెట్టకూడదని డాక్టరు గారు అత్తయ్యతోనే నేరుగా, ఎంతో గౌరవంగా మాట్లాడారు. చిట్టి జబ్బుకు అది కారణం కాదని, ఉల్లి వల్ల కణాలకు జరిగే నష్టం సూక్ష్మదర్శినిలో వేరేగా కనిపిస్తుందని కూడా చెప్పి ఆవిడ మనసు కుదుటపరిచారు. ఆ రోజు నుంచి చిట్టి అన్నం వేరే గిన్నెలో, ఉడికించిన కోడిమాంసంతో, తాలింపు లేకుండా వండుతున్నాం.

రక్తం ఎక్కించాల్సి వచ్చిన రాత్రి గురించి చెప్పాలి. చేర్చిన రోజు సాయంత్రానికి పీసీవీ 12కి పడిపోయింది. చిట్టి తల ఎత్తలేకపోయింది, గుండె వేగంగా కొట్టుకుంటోంది. మనుషులకు ఉన్నట్టు అందుబాటులో రక్తనిధి లేదు కాబట్టి దాతను మేమే వెతకాలని చెప్పారు. 25 కిలోలకు పైబడి, ఏడాది నుంచి ఎనిమిదేళ్ల మధ్య వయసులో, టీకాలన్నీ వేయించుకుని, గోమార్ల మందు క్రమం తప్పకుండా వాడుతున్న కుక్క కావాలన్నారు. చిట్టి రక్తం తనంతట తానే గుంపులు కడుతున్నందున దాని వర్గాన్ని కచ్చితంగా తేల్చడం కష్టమని, కుక్కల రక్తవర్గాల్లో ఒకటైన డీఈఏ 1 లేని, అంటే డీఈఏ 1 నెగెటివ్ దాత దొరికితే మేలని కూడా చెప్పారు. మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టిన అరగంటలో రెండు కుటుంబాలు తమ కుక్కలతో క్లినిక్‌కి వచ్చేశాయి. మొదటి కుక్క లాబ్రడార్, పాజిటివ్ అని తేలింది. రెండోది 34 కిలోల జర్మన్ షెపర్డ్, అది నెగెటివ్. దాని రక్తాన్ని కూడా గోమార్ల జబ్బులకు పరీక్షించిన తర్వాతే తీసుకున్నారు.

చిట్టికి 240 మిల్లీలీటర్ల రక్తం నాలుగు గంటల లోపు ఎక్కించారు. మొదటి అరగంట చుక్కలు చాలా నెమ్మదిగా వదులుతూ, టెక్నీషియన్ కుర్రాడు పక్కనే కింద కూర్చుని పావుగంటకోసారి జ్వరం, గుండె వేగం, శ్వాస చూసి కాగితం మీద రాసుకున్నాడు. ఒక్కసారి కూడా కుర్చీ కోసం వెతకలేదు. రాత్రి ఒంటిగంటకు చిట్టి తోక చివర ఒక్కసారి కదిలింది. మర్నాడు పీసీవీ 21. రక్తం ఎక్కించడం జబ్బును నయం చేయదని, మందులు పనిచేసేదాకా ప్రాణం నిలబెట్టే గడువు మాత్రమే ఇస్తుందని డాక్టరు గారు ముందే చెప్పారు కాబట్టి వారం తర్వాత అది 19కి తగ్గినప్పుడు మేం కుప్పకూలిపోలేదు.

ఇక మందుల విషయం. ఉదయం 25 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్, రోగనిరోధక శక్తిని అణచడానికి రోజుకో 25 మిల్లీగ్రాముల అజథయోప్రిన్, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ 75 మిల్లీగ్రాముల మాత్రలో నాలుగో వంతు, వీటితో పాటు కడుపుకు రక్షణగా మరో మందు ఇచ్చారు. ఈ జబ్బులో రక్తం తగ్గడం ఒక ప్రమాదమైతే, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు ఏర్పడటం అంతకన్నా పెద్ద ప్రమాదమని, మొదటి రెండు వారాలే అత్యంత కీలకమని చెప్పారు. అజథయోప్రిన్ మాత్రను చీల్చకూడదు, పొడి చేయకూడదు, చేతికి గ్లవుజు లేకుండా ముట్టుకోకూడదు. ఆ నెలలో మా ఆడపడుచు పురిటికి ముందు మా ఇంట్లోనే ఉందని మాటల్లో తెలియగానే, గర్భిణి ఈ మాత్రను గానీ చిట్టి మలమూత్రాలను గానీ ముట్టుకోవద్దని ఆగి మరీ చెప్పి ఒక పెట్టె గ్లవుజులు ఇచ్చి పంపారు. మేం అడగని ప్రశ్నకు కూడా జవాబు దొరికిన ఆసుపత్రి ఇదొక్కటే.

మాత్ర వేసే పద్ధతి కూడా ఇక్కడే నేర్చుకున్నాం. మొదటి ముక్క కోడిమాంసంలో ఏమీ ఉండదు, రెండో ముక్కలో మాత్ర ఉంటుంది, మూడో ముక్క అప్పటికే దాని ముక్కు ముందు ఉంటుంది. మూడోదాని కోసం రెండోది నమలకుండా మింగేస్తుంది. క్లోపిడోగ్రెల్ చేదు కాబట్టి నాలుగు ముక్కలుగా కోసిన మాత్ర అంచు నాలుకకు తగిలితే ఉమ్మేసేది, దాన్ని కొంచెం వేరుశనగ వెన్నలో ముంచితే సమస్య తీరింది. అయితే వేరుశనగ వెన్న కొనేటప్పుడు అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం లేదని సీసా వెనుక చదివి చూడాలి, అది కుక్కలకు విషం.

స్టెరాయిడ్ మొదలైన వారానికి చిట్టి మరో కుక్కలా మారిపోయింది. గిన్నెలకు గిన్నెల నీళ్ళు తాగేది, రాత్రి రెండు గంటలకోసారి మూత్రానికి లేచేది, తిన్న పావుగంటకే మళ్ళీ వంటింటి గుమ్మంలో నిలబడేది, ఫ్యాను కింద పడుకుని కూడా రొప్పేది. మేం మూడో అంతస్తులో ఉంటాం, ప్రతిసారీ కిందికి తీసుకెళ్ళడం సాధ్యం కాదు. బాల్కనీలో పాత చీరలు నాలుగు మడతలు వేసి పరిచి, తెల్లవారగానే డెట్టాల్ వేసి ఉతికేవాళ్ళం. డెట్టాల్ వాసన దానికి మంచిది కాదని, బాగా జాడించి ఎండబెట్టమని క్లినిక్‌లో చెప్పాక సబ్బుకు మారాం. నీళ్ళు తగ్గిస్తే మూత్రం తగ్గుతుందని మావారు అనుకున్నారు, నీళ్ళు ఎప్పుడూ తగ్గించవద్దని ఫోనులోనే గట్టిగా వారించారు. వెనుక కాళ్ళ కండ తరిగి, పొట్ట జారి, వీపు మీద వెంట్రుకలు పలచబడి చూడటానికే బాధగా ఉండేది. ఇవన్నీ మోతాదు తగ్గేకొద్దీ తగ్గుతాయని, భయపడి ఒక్క రోజులో స్టెరాయిడ్ ఆపేస్తే మాత్రం ప్రాణానికే ముప్పని ప్రతిసారీ గుర్తుచేసేవారు. నొప్పికని మనం వాడే మాత్రలేవీ స్టెరాయిడ్‌తో పాటు ఇవ్వకూడదన్నది కూడా ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చారు.

నా దృష్టిలో ఈ క్లినిక్ ఇచ్చిన అసలైన సేవ అదే, ఇంట్లో ఉన్న మమ్మల్ని సగం నర్సులుగా తయారుచేయడం. రోజూ ఉదయం ఒకే కిటికీ దగ్గర, ట్యూబులైటు ఆర్పి, పగటి వెలుతురులో చిగుళ్ళ రంగు చూడమన్నారు. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. తొడ లోపలి వైపు నాడి ఎక్కడ దొరుకుతుందో నా వేళ్ళు పట్టుకుని అక్కడ ఆనించి చూపించారు. గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు పక్కటెముకలు లేస్తున్నాయో లెక్కపెట్టి, 30 దాటి నిలబడితే ఫోను చేయమన్నారు. మూత్రం రంగు చూడటానికి తెల్లటి గుడ్డ పరచమన్నారు. ఇవన్నీ రాసుకోవడానికి ఒక్క పేజీ పట్టిక ఇచ్చారు. ప్రతి పరీక్ష రోజున డాక్టరు గారు ముందు ఆ పట్టికనే చదివి, తర్వాతే చిట్టిని బల్ల మీదకు ఎక్కించేవారు. మేం రాసింది ఎవరో చదువుతున్నారన్న నమ్మకం వల్లనే ఒక్క రోజు కూడా రాయడం మానలేదు.

రెండో వారానికి పీసీవీ 26, నాలుగో వారానికి 34, ఆరో వారానికి 39. అంకె పెరిగిన ప్రతిసారీ మందు తగ్గించమని మేమే తొందరపడ్డాం. 30కి పైన రెండు వారాలు నిలకడగా ఉన్నాకే తగ్గించాలని, తగ్గించినా ఒకేసారి నాలుగో వంతుకు మించకూడదని, తర్వాతి మెట్టుకు మూడు వారాలు ఆగి మళ్ళీ రక్తం చూడాలని ఆమె పట్టు విడవలేదు. అజథయోప్రిన్ కాలేయాన్నీ మజ్జనూ దెబ్బతీయవచ్చు కాబట్టి మొదటి రెండు నెలలు రెండు వారాలకోసారి ఆ పరీక్షలు కూడా చేశారు. జూన్‌లో పీసీవీ 39 నుంచి 33కి జారినప్పుడు నా కాళ్ళ కింద నేల కదిలింది. ఆమె వెంటనే మోతాదు పెంచలేదు, రెండు రోజులాగి మళ్ళీ చూశారు, 34 ఉంది. ఉన్న మోతాదునే మూడు వారాలు కొనసాగించి, తర్వాత మళ్ళీ తగ్గింపు మొదలుపెట్టారు. అనవసరంగా మందు పెంచి ఉంటే చిట్టి కండ ఇంకెంత కరిగేదో ఆలోచించడానికే భయం.

లోపాలు లేవని కాదు. అన్నిటికన్నా పెద్దది రాత్రి వేళ. ఏప్రిల్‌లో ఒక రాత్రి పదకొండింటికి చిట్టి శ్వాస నిమిషానికి 52 దాకా వెళ్ళింది. ఫైలు మీద రాసి ఇచ్చిన నంబరుకు ఎనిమిదిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. ఊపిరితిత్తుల్లో గడ్డ గురించి అంతగా హెచ్చరించినవారే అందుబాటులో లేకపోతే ఆ ఇంట్లో పరిస్థితి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. ఊరి అవతలి వైపున్న రాత్రి ఆసుపత్రికి పరుగెత్తాం, ఎక్స్‌రేలోనూ ఆక్సిజన్ కొలతలోనూ తేడా ఏమీ లేదు, స్టెరాయిడ్‌కు ఎండవేడి తోడై రొప్పిందని చెప్పి పంపారు. మర్నాడు ఈ క్లినిక్‌లో ఫిర్యాదు చేస్తే సాకులు చెప్పకుండా విని, వారం తిరక్కుండా రెండు నంబర్లు, అవి ఎత్తకపోతే వెళ్ళాల్సిన రాత్రి ఆసుపత్రి చిరునామా అచ్చు వేసి ప్రతి ఫైలుకూ అంటించారు. ఆ రాత్రి భయం మాత్రం దానితో చెరిగిపోదు.

రెండోది, వేచి ఉండే గది. రోగనిరోధక శక్తిని మందులతో అణచిన కుక్క, విరేచనాలతో వచ్చిన కుక్కపిల్ల ఒకే బెంచీ పక్కన కూర్చోవాల్సి వస్తోంది. మేం కారులోనే ఉండి, వంతు వచ్చినప్పుడు పిలిపించుకునేవాళ్ళం. అడిగితే ఒప్పుకుంటారు, కానీ అడగాలని అందరికీ తెలియదు. మూడోది, డిశ్చార్జి కాగితం మొత్తం ఇంగ్లీషులోనే ఉంటుంది. పగలు చిట్టిని చూసుకునేది మా అత్తయ్య, మాత్రల వేళలు నేను మళ్ళీ తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించాల్సి వచ్చింది. నోటితో తెలుగులో అంత చక్కగా వివరించే ఈ డాక్టర్లు అదే తెలుగును కాగితం మీద పెట్టకపోవడం నాకు అర్థం కాలేదు.

ఖర్చు విషయంలో మోసం లేదు, కానీ ముందుచూపు తక్కువైంది. మొదటి రోజే కాగితం మీద అంచనా రాసి ఇచ్చారు, అయితే పీసీఆర్, దాత కుక్క పరీక్షలు అందులో లేవు. మొదటి నెలకు మాకు మొత్తం 68,000 రూపాయలైంది, అంచనా 50,000. ఆ తర్వాత పరీక్షలు, మందులు కలిపి నెలకు నాలుగైదు వేలు. మాత్రల్లో చాలా వరకు మనుషుల మందుల దుకాణంలో దొరికేవే కాబట్టి చీటీ రాసి ఇచ్చి బయట కొనుక్కోమన్నారు, తమ దగ్గరే కొనాలని ఒత్తిడి చేయలేదు.

అక్టోబరు మొదటి వారంలో చిట్టి చివరి ప్రెడ్నిసలోన్ మాత్ర మింగింది. ఇప్పుడు పీసీవీ 44. వీపు మీద వెంట్రుకలు మళ్ళీ వచ్చాయి, ముందుకన్నా కొంచెం ముదురు రంగులో. గోమార్ల మందు నెల తప్పకుండా వేస్తున్నాం. టీకాల విషయంలో ఏది ఎప్పుడు వేయాలో, దేన్ని వాయిదా వేయాలో డాక్టరు గారే చిట్టి పరిస్థితిని బట్టి నిర్ణయిస్తున్నారు. జబ్బు తిరగబెట్టే అవకాశం ఉంది కాబట్టి మూడు నెలలకోసారి రక్తం చూపిస్తున్నాం, ఉదయం కిటికీ దగ్గర చిగుళ్ళు చూసే అలవాటు మా అత్తయ్యకు ఇంకా పోలేదు.

అయిదింటికి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను, తగ్గించిన ఒక్కటీ ఆ ఏప్రిల్ రాత్రిది. ఈ జబ్బుతో ఇక్కడికి వచ్చేవారు అంతకుముందు వాడిన మందుల అట్టలన్నీ తెచ్చుకోండి. మూత్రం రంగు మారితే ఫోటో తీసి ఉంచండి. వచ్చే దారిలోనే దాత కుక్క కోసం తెలిసినవారికి ఫోన్లు మొదలుపెట్టండి. ఉదయం తొమ్మిదిన్నరకల్లా చేరితే పీసీవీ ఫలితం గంటలోపే చేతికి వస్తుంది, ఆదివారం మధ్యాహ్నం తర్వాత ల్యాబు ఉండదు.